తలుపు మార్చాను, దాని వెనక రేకును బాగు చేయించాను: సొట్టపడిన కారుతో నా అనుభవం

2025 నవంబరులో ఒక ఆదివారం ఉదయం, విజయవాడలో పటమట రైతు బజారు దగ్గర రోడ్డు వారగా నిలిపి ఉంచిన నా కారును, కూరగాయల బస్తాలు దింపి వెనక్కి వస్తున్న ఒక ట్రాలీ ఆటో ఎడమ వైపున గుద్ది, ఒరుసుకుంటూ కొంత దూరం సాగి ఆగింది. కారులో ఎవరూ లేరు, ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆటో నడిపిన కుర్రవాడు భయంతో వణికిపోతూ నిలబడ్డాడు. బండి అతనిది కాదని, రోజు కూలికి నడుపుతున్నాడని తెలిశాక డబ్బు అడగాలని అనిపించలేదు. ఫోటోలు తీసుకుని, ఆటో నంబరు రాసుకుని, బీమా కంపెనీకి అక్కడి నుంచే ఫోన్ చేసి ప్రమాదం సంగతి నమోదు చేయించి ఇంటికి వచ్చాను.

దెబ్బ రెండు చోట్ల తగిలింది. వెనక ఎడమ తలుపు మీద, పిడికి జానెడు కింద మొదలై, రేకులో అడ్డంగా ఉండే గీతను కోసుకుంటూ కింది అంచు వరకు ఒక ఏటవాలు మడత పడింది. ఆ కింది అంచు లోపలికి ముడుచుకుపోయింది. తలుపు వెనక, చక్రానికి పైన ఉండే పెద్ద రేకు మీద, షెడ్లలో క్వార్టర్ ప్యానెల్ అని పిలిచే భాగం మీద, అరచేయిన్నర వెడల్పున ఒక సొట్ట, దాని మధ్యలో సుమారు అడుగు పొడవున ఒక మడత పడ్డాయి. మడత మీద రెండు చోట్ల రంగు పగిలి రేకు కనిపిస్తోంది. కారు 2019 ఆగస్టులో కొన్నది, అప్పటి వరకు దాని మీద ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు.

సోమవారం కళాశాలకు వెళ్లేసరికి సలహాలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్సూరెన్సు ఉన్నప్పుడు ఆలోచన ఎందుకు, రెండూ కొత్తవి వేయించండి అని ఒక సహోద్యోగి అన్నారు. ఫ్యాక్టరీ రేకును మించిన రేకు లేదు, కొట్టించి సరిచేయించండి అని ఇంకొకరు అన్నారు. ఇద్దరూ మంచి మనసుతో చెప్పినవారే, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ కారు మొత్తానికి ఒకే జవాబు చెప్పారు. ఆ తరువాతి పది రోజుల్లో నేను తెలుసుకున్నది ఏమిటంటే, మార్చాలా బాగు చేయించాలా అనే ప్రశ్నను ఒక్కొక్క రేకుకు విడివిడిగా వేసుకోవాలని, ఆ రేకు కారుకు ఏ విధంగా అతికి ఉందో తెలియకుండా దానికి జవాబు చెప్పలేమని.

మొదట కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లాను. అక్కడి సలహాదారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, కంప్యూటరులో విడిభాగాల నంబర్లు కొట్టి, పావుగంటలో అంచనా చేతికిచ్చాడు. తలుపు 11,500, క్వార్టర్ ప్యానెల్ 13,800, రెండింటికీ పని కూలి 13,500, రంగు 11,000, బీడింగులు అనే రబ్బరు పట్టీలు, క్లిప్పులు, సందులు మూసే సీలెంటు వగైరా 2,200. పన్నులతో కలిపి మొత్తం 52,000 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక ఈ మాత్రమైనా తగ్గిందని, రెండు నెలల ముందు అయితే ఇంకా ఎక్కువయ్యేదని అతను చెప్పాడు. క్వార్టర్ ప్యానెల్‌ను బాగు చేయడానికి వీలు కాదా అని అడిగితే, "చేయవచ్చు సార్, కానీ మేం రికమెండ్ చేయం. క్లెయిమ్ ఎలాగూ వేస్తున్నారు కదా, కొత్తది వేస్తే ఫినిషింగ్ బాగుంటుంది" అన్నాడు. ఆ కొత్తది ఏ విధంగా వేస్తారో నేను అడగలేదు. అడగాలని అప్పటికి నాకు తెలియదు.

మరునాడు సాయంత్రం ఆటోనగర్‌కు వెళ్లాను. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, కార్లు, వేటికి ఏ పని కావాలన్నా చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా ఇక్కడికే వస్తారన్న సంగతి విజయవాడ వారికి చెప్పనవసరం లేదు. గేటు దాటిన తరువాత మొదట కనిపించిన షెడ్డులో అడిగితే, రెండూ కలిపి తొమ్మిది వేలకు, రేపు సాయంత్రానికల్లా బండి ఇచ్చేస్తానన్నారు. రెండు సొట్టలు, రంగు, అన్నీ ఒక్క రోజులో ఎలా అవుతాయో నాకు అర్థం కాలేదు. పక్కనే ఇంకో కారుకు, గుంటలు పూడ్చే పుట్టీని గోడకు సున్నం మెత్తినట్టు మెత్తుతున్నారు. అక్కడి నుంచి, మా బంధువు ఒకరు ఇరవై ఏళ్లుగా వెళ్తున్న టింకరింగ్ (రేకుల సొట్టలు తీసే పని) మేస్త్రీ దగ్గరకు వెళ్లాను.

ఈ మేస్త్రీ చూసిన తీరు వేరుగా ఉంది. మొదట సొట్టను చూడలేదు. వెనక తలుపుకు, క్వార్టర్ ప్యానెల్‌కు మధ్య ఉన్న సందును పైనుంచి కింది దాకా వేలితో తడిమాడు. డిక్కీ తలుపు చుట్టూ ఉన్న సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూశాడు. వెనక చక్రం పైన రేకు లోపలికి మడిచి ఉండే అంచును తాకి చూశాడు. డిక్కీలో కార్పెట్టు ఎత్తి, లోపలి రేకులు ముడతలు పడ్డాయేమోనని టార్చి వేసి చూశాడు. తలుపును మూడుసార్లు తీసి వేశాడు. ఆ తరువాతే సొట్ట మీద అరచేయి పెట్టి, కళ్లు మూసుకుని, అటూ ఇటూ జరిపాడు. "వెనకాల రేకు బాడీ కదల్లేదు మాస్టారూ, దెబ్బ పైపొర మీదే ఆగింది. అది వచ్చేస్తుంది. తలుపు సంగతి లోపల చూస్తే గాని చెప్పలేను" అన్నాడు. పైకి చూసిన లెక్కన రెండూ కలిపి 14,000 అవుతుందని, తలుపు లోపలి అట్ట విప్పి చూశాక లెక్క మారవచ్చని ముందే చెప్పాడు. విప్పడానికి ఒప్పుకున్నాను, అయితే నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చి చూసేదాకా రేకును మాత్రం ముట్టుకోవద్దన్నాను. చూడకముందే పని మొదలు పెడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అట్ట విప్పి, టార్చి లోపలికి పట్టి, నన్ను వంగి చూడమన్నాడు. తలుపు పైరేకుకు కొద్ది దూరంలో, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. పక్క నుంచి వాహనం వచ్చి గుద్దినప్పుడు తలుపు లోపలికి చొచ్చుకురాకుండా ఆపేది అదే. నా కారు తలుపులో ఆ గొట్టం మధ్యలో వేలి మందాన లోపలికి వంగి ఉంది. కిటికీ అద్దం సగం దిగి ఆగిపోవడం నేను ఆదివారమే గమనించాను కానీ, మోటారు పాడైందేమో అనుకున్నాను. అద్దం నడిచే పట్టా కూడా గొట్టంతో పాటే పక్కకు జరిగిందని ఇప్పుడు తెలిసింది.

"పైరేకు సొట్ట నేను తీయగలను. ఈ గొట్టం వంపును మాత్రం తీయను. తీయాలంటే ఎర్రగా కాల్చాలి, కాలిస్తే దానిలో బలం పోతుంది. మీరు అడిగినా చేయను" అని అతను చెప్పాడు. తన కూలిని తానే తగ్గించుకుంటూ చెప్పిన ఆ మాటతోనే అతని మీద నాకు నమ్మకం కుదిరింది. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఆ గొట్టాలను ఎక్కువ బలం గల ప్రత్యేకమైన ఉక్కుతో చేస్తారని, ఆ బలం దాన్ని వేడి చేసి చల్లార్చిన పద్ధతిలోనే ఉంటుందని నాకు తెలుసు. మళ్లీ కాలిస్తే ఆ గుణం పోతుంది. కాల్చకుండా వంచి తిన్నగా చేసినా, ఒకసారి వంగిన చోట అది రెండోసారి దెబ్బకు మొదటిలా నిలబడదు. మా అమ్మాయి కళాశాలకు వెళ్లేటప్పుడు కూర్చునేది ఆ తలుపు పక్కనే. తలుపు విషయంలో నా నిర్ణయం అక్కడే, ఆ టార్చి వెలుతురులోనే జరిగిపోయింది. పైరేకు ఒక్కదాన్నే విప్పి కొత్త రేకు మడిచి బిగించే పని కూడా ఉంది గానీ, లోపలి గొట్టం చెడినప్పుడు దానితో ప్రయోజనం లేదు.

క్వార్టర్ ప్యానెల్ గురించి మాత్రం ఇంకా సందేహంలోనే ఉన్నాను. సర్వీసు సెంటరు వారు కొత్తది వేయాలన్న మాట మేస్త్రీకి చెప్పాను. అతను నన్ను షెడ్డు వెనక భాగానికి తీసుకువెళ్లి, పెద్ద ప్రమాదంలో వెనక భాగం నలిగిపోయిన ఒక కారును చూపించాడు. దానికి క్వార్టర్ ప్యానెల్ మారుస్తున్నారు. నేను అప్పటిదాకా తలుపులాగే దాన్ని కూడా బోల్టులు విప్పి తీసి, కొత్తది పెట్టి బిగిస్తారనుకున్నాను. ముందు చక్రాల పైన ఉండే ఫెండర్లు, బానెట్టు, నాలుగు తలుపులు, డిక్కీ తలుపు, బంపర్లు, ఇవన్నీ బోల్టుల మీదో క్లిప్పుల మీదో నిలబడేవి. క్వార్టర్ ప్యానెల్, పైకప్పు, తలుపుల మధ్య స్తంభాలు, గడప కింది భాగం అలాంటివి కావు. వాటిని ఫ్యాక్టరీలో వరుసగా చుక్కల వెల్డింగుతో కలిపి ఒకే చట్రంగా చేస్తారు. ఆ కారుకు వెనక స్తంభం దగ్గర రేకును రంపంతో అడ్డంగా కోశారు, చక్రం చుట్టూ ఉన్న వెల్డింగు చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచారు, గడప దగ్గర ఇంకో కోత పెట్టారు. కొత్త రేకు తెచ్చి, ఆ కోతల దగ్గర అతికి, కలిపిన గీతలన్నిటికీ సీలెంటు పూయాలి. ఆ కారుకు అది తప్పదు, దాని రేకు చిరిగిపోయింది. నా కారుకు అంత శస్త్రచికిత్స అవసరమా అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. ఫ్యాక్టరీలో చట్రం మొత్తాన్ని వెల్డింగు చేసిన తరువాతే తుప్పు పట్టకుండా కాపాడే ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో ఆ పూతను రేకుల సందుల్లోకి, మూలల్లోకి, చేయి దూరని చోట్లలోకి కూడా పట్టిస్తారు. షెడ్డు ఎంత మంచిదైనా, మేస్త్రీ ఎంత పనిమంతుడైనా, కారును తొట్టిలో ముంచలేడు. కోసి అతికిన ప్రతి గీత దగ్గర, వెల్డింగు వేడికి లోపలి వైపు ఆ పూత కాలిపోతుంది. దాని మీద మళ్లీ స్ప్రే చేసే ప్రైమరు, మైనపు పూత ఎంత జాగ్రత్తగా వేస్తే అంత కాలం నిలుస్తాయి. వర్షాకాలంలో చక్రాల నుంచి నీళ్లు, బురద చిమ్మేది సరిగ్గా ఆ చోటికే. కొత్త రేకు వేయడం అంటే కొత్త కారులా కావడం అని నేను అనుకున్నది ఈ ఒక్క రేకు విషయంలో తలకిందులైంది. పాత కారు కొనేవారు కూడా తలుపు మార్చారంటే పెద్దగా పట్టించుకోరు గానీ, క్వార్టర్ ప్యానెల్ కోసి అతికారంటే పెద్ద ప్రమాదం జరిగిందేమోనని ధర తగ్గిస్తారు.

అయితే సొట్ట నిజంగా సరిగా తిరిగి వస్తుందా? ఇది కూడా మేస్త్రీ మాట మీద వదిలేయకుండా నాకు నేను అర్థం చేసుకోవాలనిపించింది. రేకు కొంత వరకు వంగితే వదలగానే తన ఆకారానికి వస్తుంది. ఆ హద్దు దాటితే వంగినట్టే ఉండిపోతుంది. ఇది మేము ప్రతి ఏడూ పిల్లలకు చెప్పే స్థితిస్థాపక అవధి పాఠమే. సొట్ట మొత్తం ఆ హద్దు దాటి ఉండదు. దెబ్బ నేరుగా తగిలిన చోట, మడత పడిన చోట మాత్రమే రేకు శాశ్వతంగా వంగి, గట్టిపడి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న వెడల్పు భాగం తిరిగి రావాలనే ఉంటుంది, కానీ గట్టిపడిన మడత దాన్ని లోపలికి పట్టి ఉంచుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ సొట్ట మధ్యలో సుత్తి వేయడు. మడతను దాని చివరల నుంచి కొద్దికొద్దిగా సడలిస్తూ వస్తాడు, చుట్టూ ఉన్న రేకు చాలా వరకు తనంతట తానే పైకి వస్తుంది. తెలియని చేతిలో సుత్తి దెబ్బలకు రేకు పలచబడి, సాగి, వెడల్పెక్కుతుంది. సాగిన రేకుకు ఉన్న చోట సరిపోదు కనుక నొక్కితే లోపలికి, వదిలితే పైకి టపటపలాడుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికే మందంగా పుట్టీ పూస్తారు.

నా రేకులో మడత చక్రం పైన మడిచిన అంచును తాకలేదు, తలుపు సందు వైపు మలుపును తాకలేదు, రేకు ఎక్కడా చిరగలేదు. లోపలి నుంచి, డిక్కీ పక్క అట్ట విప్పితే, సొట్టలో మూడు వంతులకు చేయి అందుతుంది. ఈ నాలుగు విషయాలూ చూశాక క్వార్టర్ ప్యానెల్‌ను కోయనివ్వకూడదని నిశ్చయించుకున్నాను. రంగు పగలకుండా ఉంటే, సుత్తి, రంగు రెండూ లేకుండా వెనక నుంచి కడ్డీలతో నెట్టి సొట్ట తీసే పద్ధతి కూడా ఉంది; నా విషయంలో రంగు పగిలింది కనుక ఆ దారి మూసుకుపోయింది.

ఇక తలుపు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న మిగిలింది. ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణాల్లో నా కారు తలుపు, అదే రంగుది, 4,500కు దొరికింది. పైకి ఒక్క గీత కూడా లేదు. రంగు కూడా వేయనవసరం లేదేమో అన్న ఆశతో మేస్త్రీని వెంట తీసుకువెళ్లి చూపించాను. అతను తలుపును తిరగేసి, కింది అంచులో నీళ్లు కారిపోవడానికి ఉండే రంధ్రాల్లోకి ఒక ఇనుప తీగ దూర్చి లాగాడు. మెత్తని, ఎండిన, బూడిద రంగు ఒండ్రు రాలింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల ప్రాంతాల్లో రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయిన కార్లను ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. ఆ తలుపు అలాంటి కారుదేనని నేను రుజువు చేయలేను. కానీ తలుపు లోపలి మడతల్లో ఒండ్రు ఉందంటే అక్కడ తేమ నిలిచి ఉంటుంది, తుప్పు లోపలి నుంచి మొదలై రంగు ఉబ్బేదాకా బయటపడదు. దుకాణదారు మర్యాదగానే ఇంకో తలుపు తెప్పిస్తానన్నాడు. నేను కొత్త తలుపుకే ఆర్డరు పెట్టాను. నాలుగు రోజుల్లో వచ్చింది.

ఇప్పుడు లెక్కల సంగతి. ఇది చాలామంది చూడకుండానే వదిలేసే విషయం కనుక నా అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా చెబుతాను. క్లెయిమ్ చేస్తే మొత్తం బీమా వారే ఇస్తారన్నది నిజం కాదు. లోహపు భాగాలను మార్చినప్పుడు కారు వయసును బట్టి తరుగు తీసివేస్తారు: ఆరు నెలల లోపు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, అయిదేళ్ల లోపు 35, అయిదు దాటి పదేళ్ల వరకు 40, ఆపైన 50 శాతం. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు వయసుతో పని లేకుండా 50 శాతం. రంగు బిల్లులో నాలుగో వంతును సామగ్రి ఖర్చుగా లెక్కగట్టి, అందులో సగం మనం భరించాలి. ఇవి కాక 1500 సీసీ వరకు ఉన్న కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ 1,000 రూపాయలు తప్పనిసరిగా మన వంతు. తరుగు తీయకుండా చెల్లించే అదనపు సదుపాయం నాకు మొదటి అయిదేళ్లు ఉండేది, ఆ తరువాత లేదు. ఇంకొక ముఖ్యమైన సంగతి: బాగు చేసిన కూలికి ఈ తరుగు వర్తించదు, మార్చిన భాగం ధరకే వర్తిస్తుంది. పాత కారుకు ఎన్ని ఎక్కువ రేకులు మారిస్తే అంత ఎక్కువ మన చేతి నుంచి పడుతుంది.

సర్వీసు సెంటరు అంచనా ప్రకారం రెండు రేకులూ మారిస్తే, 25,300 విలువ గల లోహ భాగాల మీద 40 శాతం, అంటే 10,120, రంగులో 1,375, బీడింగులు వగైరాలో 1,100, తప్పనిసరి వంతు 1,000, వెరసి 13,595 నేను కట్టాలి. మేస్త్రీ కొత్త లెక్క 30,000 అయింది: తలుపు 11,500, దాని బిగింపు కూలి 2,500, క్వార్టర్ ప్యానెల్ టింకరింగ్ 5,000, రంగు 9,500, బీడింగులు, క్లిప్పులు 1,500. దీని మీద క్లెయిమ్ చేస్తే తలుపు తరుగు 4,600, రంగులో సుమారు 938, బీడింగుల్లో 750, తప్పనిసరి వంతు 1,000 పోతాయి. రంగు 9,500లో పక్క తలుపు మీదకి రంగు కలపడానికి అయ్యే 2,000 బీమా వారు ఒప్పుకోలేదు, అదీ నేనే పెట్టుకోవాలి. మొత్తం సుమారు 9,288 నా వంతు.

ఇక్కడితో ఆగితే లెక్క సగమే. అయిదేళ్లు వరుసగా క్లెయిమ్ చేయనందుకు నాకు సొంత నష్టం ప్రీమియం (మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగం) మీద 50 శాతం తగ్గింపు ఉంది. ఒక్క క్లెయిమ్ చేస్తే మరుసటి రెన్యువల్‌కు అది సున్నా అవుతుంది; ఆ తరువాత క్లెయిములు లేకుంటే ఏడాదికొకసారి 20, 25, 35, 45, 50 శాతాలుగా తిరిగి పెరుగుతుంది. నా ప్రీమియంలో ఆ భాగం తగ్గింపు లేకుండా సుమారు 7,000. అది అలాగే ఉంటుందనుకుంటే, మొదటి ఏడు 3,500, తరువాత వరుసగా 2,100, 1,750, 1,050, 350 అదనంగా కట్టాలి, కలిపితే 8,750. మేస్త్రీ మొదట చెప్పిన 14,000 లెక్కే నిలిచి ఉంటే క్లెయిమ్ చేయకుండా నా జేబు నుంచే పెట్టుకునేవాణ్ని, ఎందుకంటే ఆ తక్కువ పనికి వచ్చే బీమా సొమ్ములో ఎక్కువ భాగం పోయే తగ్గింపుకే సరిపోయేది. తలుపు మార్చక తప్పని స్థితిలో మాత్రం, క్లెయిమ్ చేస్తే అన్నీ కలిపి 18,000 పైచిలుకు, చేయకపోతే 30,000. రెండు రేకులూ మార్చే సర్వీసు సెంటరు దారిలో అన్నీ కలిపి 22,345. క్లెయిమ్ చేయాలని, పని ఆటోనగర్‌లోనే చేయించి బిల్లు పెట్టుకుని సొమ్ము తిరిగి తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాను. జీఎస్టీ బిల్లు ఇవ్వగలరా అని మేస్త్రీని ముందే అడిగి, ఇస్తామన్న తరువాతే ఈ మాట అనుకున్నాను.

సర్వేయరు షెడ్డుకు వచ్చి అరగంట చూశారు. క్వార్టర్ ప్యానెల్‌కు బాగు చేసే కూలి మాత్రమే మంజూరు చేస్తానని ఆయనే ముందుగా అన్నారు. తలుపుకు కూడా మొదట అదే అనబోయారు గానీ, లోపలి గొట్టాన్ని చూపించాక మార్చడానికి ఒప్పుకుని రాసుకున్నారు. అట్ట విప్పి ఉంచకపోతే ఆ వాదన ఎలా తేలేదో చెప్పలేను.

పని మొదలైన రోజు సెలవు పెట్టి వెళ్లి కూర్చున్నాను. మేస్త్రీ డిక్కీ పక్క అట్ట, వెనక లైటు విప్పి, లోపలి నుంచి డాలీ అనే బరువైన ఇనుప ముద్దను రేకుకు ఆనించి, బయట నుంచి మడత చివరల మీద చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. ఆ తట్టడంలో ఒక లయ ఉంది, ఒక్క దెబ్బ కూడా గట్టిగా పడలేదు. గంటన్నరలో సొట్ట మూడు వంతులు పైకి వచ్చింది. చేయి అందని చోట రంగు గీకి, రేకు మీద చిన్న వాషర్లను కరెంటుతో అతికించి, వాటిని కొక్కెంతో పట్టి లాగాడు. ప్రతి లాగుడు తరువాత చుట్టూ తట్టి బిగువు విడిపించాడు. మధ్యాహ్నానికి చేత్తో తడిమితే తప్ప తెలియనంతగా రేకు సమమైంది. పుట్టీ ఎంత మందం పూస్తావని అడిగితే, ఎక్కడా రెండు మిల్లీమీటర్లు దాటనివ్వనన్నాడు. మే నెల ఎండలో మన ఊళ్లో కారు రేకు చేయి పెట్టలేనంతగా కాలిపోతుంది. రేకు, పుట్టీ ఒకే విధంగా వ్యాకోచించవు కనుక మందంగా ఉన్న పుట్టీ కొన్ని ఎండలకు అంచుల్లో చీలి లేస్తుంది. నేను ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండే చిన్న అయస్కాంతాన్ని జేబులో వేసుకుని వెళ్లాను. పుట్టీ అరగదీసిన తరువాత ఆ చోటంతా ఆనించి చూశాను. అన్ని చోట్లా పట్టింది, ఒక్క చోట మాత్రం పట్టు కాస్త బలహీనంగా ఉంది. అతనికి కోపం రాలేదు. ఆ చోట మళ్లీ అరగదీసి, ఇంకొక వాషరు వేసి రేకును ఇంకాస్త లాగాడు.

నేను పట్టుబట్టి చేయించుకున్న పని ఒకటి ఉంది. వాషర్లు అతికించిన ప్రతి చోటా లోపలి వైపు పూత కాలి ఉంటుంది. బయట రంగు వేస్తారు కనుక బయటి సంగతి ఎవరూ మరచిపోరు, లోపలి వైపు కంటికి కనిపించదు కనుక మరచిపోతారు. అట్ట తిరిగి బిగించక ముందే లోపలి నుంచి ప్రైమరు, అది ఆరిన తరువాత మైనపు పూత వేయించాను. కొత్త తలుపు కింది అంచు లోపల కూడా, నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూసి, అదే పూత వేయించాను. వీటన్నిటికీ కలిపి మేస్త్రీ విడిగా డబ్బు అడగలేదు.

రంగు దగ్గర మాత్రం ఒకసారి తేడా వచ్చింది. నా కారుది లోహపు రేణువులు కలిసిన బూడిద రంగు. తెలుపు రంగు అయితే ఇంత కష్టం ఉండదట. కారు మీద ఉన్న రంగు కోడు ప్రకారం కలిపినా, ఆరేళ్ల ఎండకు పాత రంగు కొంత వెలిసి ఉంటుంది, పైగా రేణువులు పరుచుకునే తీరు చల్లేవారి చేతిని బట్టి మారుతుంది. అందుకే కొత్త తలుపు మీద ఆగిపోకుండా, ముందు తలుపు మీదకి కూడా రంగును క్రమంగా పలచబరుస్తూ చల్లి, పైన మెరుపు పూతను ఆ తలుపు మొత్తానికీ వేయాలి. రంగు వేసే గదిలో, అంటే బూత్‌లో, సుమారు 60 డిగ్రీల వేడిలో ఆరబెట్టి బయటికి తెచ్చాక ఎదురుగా నిలబడి చూస్తే అంతా ఒకే రంగుగా ఉంది. కారు వెనక మూల నుంచి, ఏటవాలుగా చూస్తే కొత్త తలుపు ఒక వన్నె ముదురుగా కనిపించింది. నేను నోరు తెరవకముందే రంగు వేసిన కుర్రవాడే గమనించి, "ఇది ఇవ్వలేం సార్, రెండు రోజులు ఆగండి" అన్నాడు. మళ్లీ అరగదీసి, రంగు సవరించి, చిన్న రేకు ముక్క మీద చల్లి ఎండలో కారు పక్కన పెట్టి సరిపోల్చి, అప్పుడు వేశారు. రెండోసారి తేడా కనిపించలేదు. సాయంత్రం ట్యూబులైటు కింద కారు నిలిపి, క్వార్టర్ ప్యానెల్ మీద పడిన ఆ లైటు గీత ఎక్కడైనా వంకర తిరుగుతోందేమోనని కదులుతూ చూశాను. ఒకప్పుడు మడత ఉన్న చోట గీత చిన్న అలలా కదిలింది. తెలిసినవారికి తప్ప కనిపించని అల అది. దాన్ని తీయాలంటే రంగంతా మళ్లీ గీకాలని మేస్త్రీ ఉన్న మాట చెప్పాడు. నేను వద్దన్నాను. ఆ చిన్న అల కోసం వెనక స్తంభం కోయించుకోలేదన్న తృప్తి నాకు ఉంది.

కారు మొత్తం పన్నెండు రోజులు షెడ్డులో ఉంది. నెల రోజులు పాలిషు, మైనం పెట్టవద్దని, మామూలు నీళ్లతో కడగమని చెప్పి పంపారు. ఇంటికి తెచ్చిన రోజే వెనక ఎడమ వైపు పైపుతో పది నిమిషాలు నీళ్లు పట్టి, డిక్కీ కార్పెట్టు ఎత్తి తడి ఉందేమోనని చూశాను, పొడిగా ఉంది. కిటికీ అద్దం చివరిదాకా దిగి, ఆగకుండా పైకి వచ్చింది. బిల్లులు, ఫోటోలు పంపిన మూడు వారాలకు బీమా సొమ్ము నా లెక్కకు రెండు వందల తేడాతో ఖాతాలో పడింది.

డబ్బు ఇచ్చి వచ్చేటప్పుడు పాత తలుపును ఏం చేస్తారని మేస్త్రీని అడిగాను. తుక్కుకు వేసేముందు లోపలి గొట్టాన్ని కోసి తీసి గోడకు తగిలిస్తానన్నాడు. వంగిన తలుపును కొట్టి సరిచేయమని పట్టుబట్టేవారికి మాటలతో చెప్పేకన్నా దాన్ని చూపిస్తే తొందరగా అర్థమవుతుందట.